డబరా లేని కాఫీ

దేవరాజులు ఎవరి మాటనైనా ఒక గ్లాసు కాఫీ ఉన్నంతసేపే వినేవాడు. గ్లాసు ఖాళీ అయ్యాక చెప్పేది వేదమైనా ఆయన చెవికెక్కేది కాదు. కాలస్వరూపం తేల్చలేక తత్త్వవేత్తలు యుగాలుగా తలలు పట్టుకున్నారు. పుంగనూరు దేవరాజులు దాన్ని మూడు గుటకలుగా తేల్చేశాడు.

ఎమ్మెల్యేల దగ్గర పీఏగా పనిచేసి రిటైరైన ఆయనను, రెండువేల మూడులో మదనపల్లెలోని ఒక స్వచ్ఛంద సంస్థ పిలిపించింది. ప్రజారోగ్య పరిశోధకులకు శాసనసభ్యులతో మాట్లాడడం నేర్పాలి. ఆయన బోధన సరళం. తానే ఎమ్మెల్యేగా కూర్చుంటాడు, పొగలు కక్కే కాఫీని మంచినీళ్లలా గొంతులో పోసుకుంటాడు, గ్లాసు ఠక్కున బల్లమీద పెట్టి లేచిపోతాడు.

"మొదటి గుటకకి జబ్బు, రెండో గుటకకి జనం, మూడో గుటకకి నీకేం కావల్లో చెప్పేయాల. అంతే."

డాక్టర్ అరుణ్ తన అధ్యయనానికున్న పరిమితులతో ఆరంభించాడు. గ్లాసు ఠక్కుమంది.

"సార్, నేనింకా విషయంలోకి రాలేదు!"

"నువ్వు రాలేదప్పా. నేను జీపెక్కి పలమనేరు దాటిపోయినా."

ఇంట్లోనూ ఇదే శాసనం. "పెండ్లయినప్పటి నుంచి ఈయన ముందర ఒక్క మాట పూర్తిగా చెప్పింది లేదమ్మా," అని ఆయన భార్య సరస్వతమ్మ శిష్యుల ముందు వాపోయింది.

"ఇప్పుడు చెప్పేస్తివి గదే!" అని ఆయన గ్లాసు పెట్టేశాడు.

ఈ పద్ధతికి బలైనవారిలో కుప్పం యమున ముఖ్యురాలు. ప్రతి వాక్యాన్నీ మనసులో తూచి గానీ పలకదు. రామసముద్రం వైపు మెట్టపల్లెల్లో బోరునీటి ఫ్లోరైడ్‌ను పరిశోధించింది. శాసనసభ కమిటీ ఛైర్మన్ మదనపల్లె రాబోతున్నాడు. రాబోయే సమావేశాల్లో ఆయన అడిగితే ఆ పల్లెలకు వేరే నీరు వచ్చే అవకాశముంది. లేకపోతే మరో వేసవి అదే నీరు. కానీ అభ్యాసంలో ఆమె ఏనాడూ రెండో గుటక దాటలేదు.

"సూడమ్మా, నీ మాట ఎద్దులబండి మాదిరి బాగుండాది. ఎమ్మెల్యే మాత్రం జీపులో పోతాండాడు."

ఈ మనిషికి నాలుక కాలదు, మనసు కరగదు అనుకుంది యమున.

ఆ రోజు రానే వచ్చింది. అతిథిగృహంలో ఛైర్మన్ గడియారం చూసుకుని, "కాఫీ తాగి బయల్దేరతానమ్మా. చెప్పు," అన్నాడు. నౌకరును తప్పించి దేవరాజులే కాఫీ తెచ్చాడు. స్టీలు గ్లాసు, అంచుదాకా, సలసల కాగుతూ. ఛైర్మన్ ముట్టుకుని చేయి వెనక్కి లాక్కున్నాడు.

"చల్లార్చుకోవడానికి డబరా ఏదప్పా?"

"కడగతాండారు సార్. వస్తాండాది."

ఛైర్మన్ గ్లాసును తువ్వాలు కొనతో పట్టుకుని ఊదసాగాడు. ఊదే నోరు అడ్డుప్రశ్న వేయలేదు. యమున బండి తన దారిన తాను సాగింది. పల్లెలో చెంగమ్మ మనవరాలు నవ్వినప్పుడల్లా, గారపట్టిన పళ్లు కనబడకుండా చేయి అడ్డం పెట్టుకుంటుందని చెప్పేసరికి ఛైర్మన్ ఊదడం మానేశాడు.

"ఏ ఊరమ్మా అది? వివరాలు పంపించు. ఈ సమావేశాల్లోనే అడుగుతా."

అప్పటికి కాఫీమీద మీగడ కట్టింది.

జీపు కదిలాక వరండాలో దేవరాజులు గుడ్డసంచి గలగలమంది. అతిథిగృహంలోని డబరాలన్నీ అందులోనే ఉన్నాయి.

"సార్! మరి మాకు ఆ మూడు గుటకల పాఠం ఎందుకు చెప్పినారు?"

"బిర్నా మాట్లాడేది మీకు నేర్పొచ్చమ్మా. నిదానంగా వినేది ఆయప్పకి ఎవరు నేర్పాల?"

నౌకరు ఆయనకు కాఫీ ఇచ్చి, సంచి అందుకున్నాడు. యమున కృతజ్ఞతలు చెప్పడం మొదలుపెట్టింది, తన పద్ధతిలో, మెల్లగా, ప్రతి మాటా తూచి.

గ్లాసు ఠక్కుమంది.