ఎడారికి కొసరు

మా ఆవిడ పుట్టింది కొల్లేటి లంకలో. వానాకాలం వస్తే మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకుని పడుకున్న ఇల్లు వాళ్ళది. నీటి చప్పుడు, నీటి వాసన లేని చోట ఒక్క రాత్రి పడుకోవాలని పెళ్ళయిన దగ్గర్నుంచీ అడుగుతోంది. జైసల్మేరు దగ్గర ఎడారి పార్కు ఉందనీ, ఇసుక తిన్నెల మీద గుడారాల్లో పడుకోనిస్తారనీ తెలిశాక ఇంట్లో వేరే కబుర్లు లేవు. డిసెంబరులో వెళ్దామని ఒప్పుకున్నాను.

మా ఏలూరులో టూర్ల వాళ్ళకు కొదవ లేదు. కానీ తాడేపల్లిగూడెంలో ఒకాయన చవకగా తీసుకెళ్తాడని విన్నాను. ఇత్తడి సామాన్ల కొట్లో పెరిగినవాణ్ణి, చవక అన్న మాట వింటే కాళ్ళు నిలవవు. ఆ చవకంతా రానూపోనూ ఛార్జీలకే సరిపోతుందని మా ఆవిడ అంది. వినిపించనట్టు రైలు టైము చూసుకున్నాను.

పొద్దున్నే ప్యాసింజరెక్కాం. ఎదురు సీటు పెద్దాయన పలకరించాడు.

"ఎందాకా అండీ?"

"గూడెమండీ. ఇసుక చూడ్డానికెళ్ళే పని మీద," అంది మా ఆవిడ సంబరంగా.

"ఏ ర్యాంపండీ? ఇల్లు కడుతున్నారా?" మా వైపు ఇసుకంటే గోదావరి ఒడ్డున లారీలకెత్తే ర్యాంపే మరి. "సముద్రపు ఇసుక అంటగడతారండోయ్. కాస్త నాలిక మీదేసుకుని చూడండి."

"కొనడానిక్కాదండీ, ఊరికే చూడ్డానికి," అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూసి, భీమడోలు దాటేదాకా పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

గూడెం స్టేషను బయట పెసరట్టు బాగుంటుంది, అల్లం పచ్చడి రెండోసారి అడిగినా విసుక్కోరు. టూర్ల ఆఫీసు ఉల్లిపాయల మార్కెట్టు దాటాక మేడ మీద. మెట్ల నిండా బస్తాలుంటాయి, చీర కుచ్చిళ్ళు జాగ్రత్త.

ఏజెంటు సన్నగా, ఓపిగ్గా ఉన్నాడు. విజయవాడ నుంచి రైలు, కోట, ఒంటె సవారీ, మూడో రాత్రి తిన్నెల మీద గుడారం. రేటు చెప్పాడు. నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. అలా మొదలైంది. మా నాన్న నేర్పిన విద్యలన్నీ తీశాను. రెండుసార్లు లేచి మెట్ల దాకా వెళ్ళాను. రెండోసారి ఆయన వెనక్కి పిలవలేదు. గొడుగు మర్చిపోయానంటూ నేనే వెనక్కొచ్చాను. గొడుగు తేనేలేదు. మా ఆవిడ తల పట్టుకుని టీకని కిందికి దిగిపోయింది.

"ఇంక తగ్గదండీ," అన్నాడు చివరికి.

"అయితే కొసరేంటి?" అన్నాను. తూకమయ్యాక పైన పిడికెడు పడితేగానీ మాకు సరుకు కొన్నట్టుండదు.

ఆయన ఆలోచించాడు. "సరేనండీ. జైసల్మేరు ఊళ్ళో చెరువుంది, మూడో రోజు సాయంత్రం బోటు షికారు ఉచితం. కాకపోతే ఆ రాత్రికి ఊళ్ళోనే, హోటల్లో..."

ఉచితం తర్వాత వచ్చే మాటలు నా చెవికెక్కవు. చెయ్యి కలిపేశాను.

అక్కణ్ణుంచి భీమవరం మీదుగా రెండు బస్సులు మారి ఆకివీడు. మా బావమరిది అక్కడ చేపల చెరువులు చేస్తాడు. భోజనానికి కొర్రమీను పులుసు పెట్టారు.

"ఎంతకి తెగింది బావగారూ?"

"రేటు సంగతలా ఉంచు. కొసరు కొట్టానయ్యా! బోటు షికారు!"

వాడికి పొలమారింది. "అక్కా! బావగారు నిన్ను ఎడారికి తీసుకెళ్ళి పడవెక్కిస్తారంట! మన దోనె కూడా పట్టుకుపోండి, గెడ నేనేస్తాను!"

మా ఆవిడ నవ్వలేదు. "పడవెప్పుడండీ?"

"మూడో రోజు సాయంత్రం."

"మరి ఆ రాత్రి గుడారం?"

ఏజెంటు సగంలో వదిలేసిన మాట అప్పుడు చెవికెక్కింది. నా మొహం చూసి ఆవిడకీ అర్థమైంది. మా వైపు ఆడవాళ్ళు కోపమొస్తే అరవరు, మర్యాద పెంచుతారు.

"తమరు భోంచెయ్యండి, పులుసు చల్లారిపోతుంది. నేను మాత్రం రానండి. నీళ్ళు ఇక్కడ బోలెడున్నాయి కదండీ."

ఇన్నేళ్ళలో తమరు అనడం అదే మొదలు. చెయ్యి కడుక్కున్నాను. చెరువు గట్టు మీదకెళ్ళి ఏజెంటుకి ఫోను చేశాను.

"కొసరు వెనక్కి తీసేసుకోండి. నాకు గుడారం కావాలి." మా వంశంలో కొసరు వాపసిచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

"అది ఇందాకే వేరేవాళ్ళకి రాసేశానండీ. పెద్దదొకటుంది. పూర్తి రేటు, పైసా తగ్గదు."

"సరేనండీ."

ఆయన గొంతు తగ్గించాడు.

"ఏవండీ... పొద్దున వచ్చింది మీరేనా? ఒంట్లో బాగానే ఉందా అండీ?"

సాయంత్రం కైకలూరు మీదుగా ఏలూరు బస్సెక్కాం. రోడ్డుకి రెండు వైపులా నీళ్ళే. ముందు పోతున్న చేపల లారీ దారంతా తడుపుతోంది. నా దారిన వచ్చేవాళ్ళకు చెప్పేదొకటే: గూడెంలో బేరం హాయిగా ఆడుకోండి, కొసరు మాత్రం చివరి మాట దాకా వినండి.

కొల్లేరు సగం దాటాక మా ఆవిడ నోరు విప్పింది.

"గుడారానికి ఎంతన్నాడు?"

చెప్పాను.

"బేరమాడలేదా?"

"లేదు."

ఆవిడ నీళ్ళ వైపున్న కిటికీ మూసేసింది. నా వైపు తిరిగింది.

"అంత పూర్తి రేటు ఇస్తున్నప్పుడు, కొసరుగా ఇంకో రాత్రి అడగొద్దూ మీరు?"