ఉత్తరాది నెవిల్

మా బంధుజనం పెళ్ళికీ చావుకీ కూడే మరాయ్ మందిరంలో వేడినీళ్ళ ట్యాంకు మూడేళ్ళు మొండికేసింది. రెండు వందల మంది తిన్న గిన్నెల్ని చన్నీళ్ళతో తోమిన చేతులు నావి. పద్నాలుగేళ్ళ కిందట మా తమ్ముడు రాపాటా తన నెవిల్‌ని తీసుకొచ్చిన పూటే ఆ మనిషి చొక్కా విప్పి దాని కిందికి దూరాడు. పైపుల పని అతని వృత్తి. సాయంత్రానికి పొగలు కక్కే నీళ్ళొచ్చాయి. తమ్ముణ్ణి ఎలా చూసుకుంటాడో తర్వాత సంగతి, నేను మాత్రం అప్పుడే అతన్ని మరిదిగా ఖాయం చేసేసుకున్నాను.

పొడుగ్గా, వంగి నడుస్తాడు. మాట తక్కువ. కొత్తవాళ్ళు వచ్చినప్పుడు మాలో ఎవరైనా లేచి ముందు తమ కొండ పేరు, తమ ఏటి పేరు చెప్పి, ఆ తర్వాతే తమ పేరు చెప్పుకోవాలి. సరిగ్గా ఆ వేళకి నెవిల్ వంటింటి వెనక ఏదో ఒక పైపు దగ్గర ఉండేవాడు. "మీది ఏ వైపు?" అంటే "ఉత్తరం వైపు వదినా" అనేవాడు. అంతే. మిగతాదంతా మేమే అల్లేసుకున్నాం.

అది మా మేనత్త హీరియా చెవిన పడడంతో అతని పని అయిపోయింది. రెండు వందల ఏళ్ళ కిందట మా దీవి ఉత్తర కొసన ఉండే ఉత్తరాది తెగలవాళ్ళు పడవల్లో తుపాకులతో వచ్చి మా వాళ్ళ మీద పడ్డారు. అది మొన్న మంగళవారం జరిగినట్టే మాట్లాడుతుంది మా అత్త. అతని కంచంలో ఏరి ఏరి చిన్న ఆలిచిప్పలు వేసేది. "పెద్దవి మీ తాతలు తినేశారు, పో" అనేది. నెవిల్ నవ్వుతూ తినేవాడు. ఏం మనిషి వీడు, ఒక్క మాట తిరిగి అనడేం అని నాకే ఒళ్ళు మండేది.

అత్త మనవరాలు మరామాకి ఇరవయ్యో ఏట పాప పుట్టింది. హుహానా అని పేరు పెట్టాం. మరామా నర్సు చదువు చదువుతుంటే పుట్టిన దగ్గర్నుంచి నాలుగు నెలలూ పిల్లకి నీళ్ళు పోసింది రాపాటా, పాలు పట్టింది నెవిల్. అతని చేతిలో అయితే గుటకలు మింగేది, నా చేతిలో అయితే ఆరున్నొక్క రాగం అందుకునేది. ఇక మిగతా చదువుకి మరామా పట్నం వెళ్ళాలి. పిల్లని వాళ్ళిద్దరికే పెంపకానికి ఇస్తానంది. కానీ ఆ ఇంట తొలి బిడ్డ విషయంలో పెద్దదాని మాటే మాట. అత్త కాదంటే పిల్ల దాని తండ్రి తరపు వాళ్ళతో ఆస్ట్రేలియా పోతుంది. వాళ్ళు అప్పటికే టికెట్లు చూస్తున్నారు.

ఆదివారం అందరం మరాయ్‌లో కూర్చున్నాం. మరామా అడిగింది. అత్త తల అడ్డంగా ఊపింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఇద్దరూ మగాళ్ళనేగా అత్తా నీ బాధ? సూటిగా చెప్పు" అన్నాను.

"నోర్ముయ్యవే" అంది అత్త. "మా చిన్నాన్నా ఆయన నేస్తమూ నన్ను ఆరేళ్ళు పెంచారు. ఇద్దరిదీ ఒకటే మంచం, ఊరందరికీ తెలుసు. వాళ్ళు వేసినంత బాగా నాకు జడ మా అమ్మ కూడా వెయ్యలేదు. నా గొడవ అది కాదు. ఆ పొడుగోడు ఉత్తరాదోడు. పదేళ్ళు పోయాక ఈ పిల్ల లేచి వాళ్ళ కొండ పేరు ముందు చెబుద్ది. నా మునిమనవరాలు. నేను చూస్తా ఊరుకోవాలా?"

కొందరు నవ్వారు. అత్త నవ్వలేదు. మరామా ఏడుపు మొదలుపెట్టింది. అప్పుడు లేచాడు నెవిల్. వంటింట్లోకి పోతాడనుకున్నాను. పోలేదు.

"అత్తా, నాకు చెప్పుకోడానికి ఏ కొండా లేదు" అన్నాడు. "నన్ను రెండు వారాల పిల్లాడప్పుడే తెల్లవాళ్ళ ఇంటికి ఇచ్చేశారు. కాగితాలకి సీలేశారు. పెద్దయ్యాక సర్కారుకి రాసి అడిగాను. కన్నతల్లి తన పేరు చెప్పొద్దని రాసిచ్చిందంట. ఉత్తరం అన్నది పెంచినమ్మకి ఎవరో నర్సు చెప్పిన మాట. అదైనా నిజమో కాదో తెలీదు. పిల్లకి నేర్పడానికి నా దగ్గర మీ కొండే ఉంది."

మరామా ఏడుపు ఆపి తలెత్తింది.

"మరి ఇన్నేళ్ళూ నేను తిట్టిన తిట్లన్నీ?" అంది అత్త.

"పడ్డాను. మీరు ఉత్తరాదోడా అని తిడతా ఉంటే నాకూ ఒక ఊరున్నట్టు ఉండేది."

అత్త రాపాటా వైపు తిరిగింది. "ఒరే, నీకు తెలుసా?"

"తెలుసు అత్తా. చెప్పొద్దన్నాడు."

"చెప్పొద్దంటే ఊరుకుంటావా, మొద్దు వెధవా? ఇంట్లో కొండ లేని మనిషిని పెట్టుకుని పద్నాలుగేళ్ళు నా చేత చిన్న చిప్పలు పెట్టిస్తావా?"

కర్ర పట్టుకుని లేచింది. దాన్ని పక్కన పడేసి మరామా ఒళ్ళోంచి పిల్లని తీసుకుంది. ఎనభై రెండేళ్ళ మనిషి, సాయానికి ఎవరినీ పట్టుకోనివ్వలేదు. తీసుకెళ్ళి నెవిల్ చేతుల్లో పెట్టి, అతని మోచెయ్యి మాత్రం వదల్లేదు.

"పిల్లని వీళ్ళిద్దరికీ ఇస్తున్నా. ఈ పిల్లాణ్ణి నేను పెంచుకుంటున్నా. అందరూ విన్నారుగా?"

"విన్నాం" అన్నాం అందరం. మా దగ్గర పెంపకానికి అంతకంటే కాగితం అక్కర్లేదు. నెవిల్‌కి నలభై ఒక్కేళ్ళు.

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "ఒరే రాపాటా, మేనత్త కొడుకు నీకు బావే కదరా, వరస కూడా కుదిరింది" అన్నాను. మరామా ముక్కు తుడుచుకుంటూ నవ్వింది.

"రోజూ పొద్దున్నే మా ఇంటికి రా" అంటోంది అత్త. "పిల్లకి మాటలొచ్చేలోగా నీకన్నీ రావాలి. లేదంటే అదే నీకు నేర్పుద్ది, పరువు పోద్ది."

నెవిల్ కూర్చోవడం మర్చిపోయాడు. పిల్ల అతని చొక్కా బొత్తాం నోట్లో పెట్టుకుంది.

"ఇప్పుడే చెప్పమ్మా" అన్నాడు.

అత్త చెప్పింది. మా కొండ పేరు పొడుగు, కొత్త నాలుకకి లొంగదు. మొదటిసారి సగంలో ఆగిపోయాడు. ఎవరో అందించారు, ఇంకెవరో అందుకున్నారు, మందిరంలో ఉన్నవాళ్ళం మొత్తం అతనితో పాటు పలికాం. రెండోసారి మమ్మల్ని ఆగమని చెయ్యి చూపించి, ఒక్కడే తప్పు లేకుండా చెప్పాడు.