గోదారి దాటకూడని పదమూడు రోజులు

మా ఇంటి కప్పు గురించి చిన్న సంగతి చెప్పాలి. టీ చల్లారేలోపు అయిపోతుంది. కాకపోతే కప్పుకన్నా ముందు పడవ గురించి చెప్పాలి, పడవంటే ఖాజా గురించి చెప్పాలి. ఖాజా మా రేవులో ముప్పై ఏళ్లుగా పడవ నడుపుతున్నాడు. మనుషుల్ని ఎక్కినవాళ్లు ఎక్కినట్టే దింపుతాడు. మాటలను మాత్రం అట్లా దింపడు. ఈ ఒడ్డున ఎక్కిన మాట ఆ ఒడ్డున దిగేసరికి కాస్త లావవుతుంది. ఊరి సంగతులన్నీ సైదులుకు తెలుసని నాకు పేరుంది గానీ, అందులో సగం ఖాజా తెచ్చిపెట్టినవే.

సరే, కప్పు. కాదు, ముందు పెళ్లి.

మా అక్క కూతురు జమీలాకు మణుగూరు బొగ్గుగనిలో పనిచేసే పిల్లాడితో సంబంధం కుదిరింది. గోదారికి ఈవల మేము, ఆవల వాళ్లు. పిల్లాడికి గనిలో పదిరోజుల సెలవు దొరికింది. అది సరిగ్గా మా ముస్లింల సఫర్ నెల మూడో రోజున మొదలై పన్నెండున అయిపోతుంది. ఇది తప్పితే ఎండాకాలం దాకా సెలవు లేదు. అంతవరకు ఆగలేం, వేరే పిల్లను చూసుకుంటాం అని పిల్లాడి తల్లి కబురు పెట్టింది. తెచ్చినవాడు ఖాజా కాబట్టి ఆమె నిజంగా ఎంత గట్టిగా అన్నదో తెలియదు. జమీలా మాత్రం రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అది నేను కళ్లారా చూశాను.

ఇందులో చిక్కేమిటంటే, సఫర్ మొదటి పదమూడు రోజులు మంచివి కావని మావైపు పట్టింపు. తేరాతేజీ అంటారు. మా ఊళ్లో దానికి ఇంకొకటి తోడైంది. ఆ పదమూడు రోజులూ పెళ్లయిన ఆడది గోదారి దాటకూడదు. నిఖా అయిన పిల్ల అత్తారింటికి పోవాలంటే గోదారి దాటక తప్పదు. భద్రాచలం వంతెన మీద బస్సులో పోవచ్చా అని ఎవరో అడిగితే, "కింద నీళ్లు లేవా?" అన్నాడు ఖాసిం తాత. ఆయన మా మసీదు పెద్ద. కళ్లజోడుకు ఒకటే అద్దం. ఆ కంటితో కితాబు చూస్తాడు, రెండో కంటితో మమ్మల్ని కనిపెడతాడు.

జమీలా అన్న రహీం గిరిజన బడిలో టీచరు. మా బావ పోయాక ఇల్లు వాడే చూసుకుంటున్నాడు. సెలవొస్తే హైదరాబాద్ పోయి కితాబులు మోసుకొస్తాడు. చేపముల్లు గొంతులో పడ్డా పేజీ తిప్పాకే దగ్గే రకం.

"తాతా, ఈ గోదారి సంగతి ఎక్కడుంది?" అని అడిగాడు.

"హదీసులో ఉందట."

"అట అంటే ఎట్ల? ఎవరు చెప్పిండ్రు?"

ఖాసిం తాత అద్దం తుడుచుకున్నాడు. రెండో వైపు కూడా తుడిచాడు, అద్దం లేని వైపు.

నాకు ఆసక్తి పుట్టింది. దారిలో రహీంను పట్టుకుని అడిగాను, హదీసు నిజమో కాదో ఎట్లా తేలుస్తారని. వాడు ఓపిగ్గా చెప్పాడు. "ప్రవక్త గారు అన్నరని ఎవరన్న చెప్తే, ఆ మాట ఎవరి నోటి నుంచి ఎవరి చెవికి వచ్చిందో మొదటి దాకా పోయి చూస్తరు మామా. నడుమ గొలుసు తెగొద్దు. గొలుసులో ప్రతి మనిషి నిజాయితీగలవాడై ఉండాలె, జ్ఞాపకం గట్టిగ ఉండాలె. ఒక్కడు అబద్ధాలకోరని తేలినా ఆ మాట పక్కన పెడ్తరు. మాటను కూడా చూస్తరు, ఖురాన్‌కు అడ్డం పోతుందా అని."

నేను నడవడం ఆపేశాను. ఎవరన్నారు, ఎవరితో అన్నారు, వాళ్ల మాట నమ్మొచ్చా? నలభై ఏళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. కాకపోతే వాళ్లు జాగ్రత్తగా చేస్తారు.

"ఈ గొలుసు నేను పట్టుకుంట పా," అన్నాను. ఎవరూ అడగకుండానే అన్నాను.

మొదట ఖాసిం తాత. తనకు బీబమ్మ చెప్పిందన్నాడు. ఇంత పెద్ద మసీదు పెద్దవు, బీబమ్మ దగ్గరా చదువుకున్నవ్ అని నాలుగు అంటించి వచ్చాను.

బీబమ్మ మా చిన్నమ్మ. ఆమెకు ఖాజా చెప్పాడట. "అడగకుండ ఎట్ల నమ్మినవ్ చిన్నమ్మా?" అన్నాను.

"నమ్మినో లేదో నాకేం ఎరుక. ఏడాదికోసారి వచ్చే బిడ్డ ఇంకో పదమూడు రోజులు నా దగ్గరుంటది. అల్లుడు రేవుకాడికి వచ్చి నోరు మూసుకుని మళ్లిపోతడు. గంత మంచి మాటను ఎవరు చెప్పిండ్రని అడుగుతరా?"

తర్వాత రేవు. ఖాజా పడవలో నీళ్లు తోడి పోస్తున్నాడు. "పెద్ద హదీసు పండితుడివైనవ్, ఎవరు చెప్పిండ్రు నీకు?" అని గట్టిగా అడిగాను. రేవులో ఉన్నవాళ్లందరికీ వినబడాలని.

ఖాజా చెంబు పక్కన పెట్టాడు. "సైదులన్నా, నువ్వే చెప్పినవ్ కదా."

అప్పుడు గుర్తొచ్చింది. మా పెద్దోడు పుట్టినప్పటి సంగతి. మా ఆవిడ హుసేన్‌బీ గోదారి ఆవల పుట్టింట్లో ఉంది. తను వచ్చేలోపు ఇంటి కప్పు వేస్తానని మాటిచ్చాను. వేయలేదు. రేపు పిల్లాడితో వస్తున్నానని కబురు వచ్చింది. పైకి చూస్తే ఆకాశం కనిపిస్తోంది. ఎట్లాగూ తేరాతేజీ రోజులే కదా అని, పెళ్లయిన ఆడది ఈ పదమూడు రోజులు గోదారి దాటొద్దని హదీసులో ఉందట, ఆగమను అని ఖాజాతో చెప్పి పంపాను. పదమూడు రోజుల్లో గడ్డి కప్పాను. తర్వాత ఆ మాట మర్చిపోయాను. ఊరు మర్చిపోలేదు.

"రహీం, గొలుసును ఖాజా దగ్గర ఆపేస్తే కుదరదా?" అని ఆ సాయంత్రం వాడికి జరిగిందంతా చెప్పి మెల్లగా అడిగాను.

"తెగిన గొలుసు చెల్లదు మామా. ఇంకొకటి, అరబ్బు దేశంల గోదారి ఎక్కడిది? గదన్న ఆలోచించలేదా నువ్వు?"

ఆలోచించలేదు. ఊళ్లో ఎవరూ ఆలోచించలేదు.

శుక్రవారం నమాజు తర్వాత రహీం వాళ్ల అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. ఆడవాళ్లు తలుపు వెనక. జమీలా కోసమని నేను లేచి ఉన్నదున్నట్టు చెప్పాను. అది హదీసు కాదు, నేను కప్పు కోసం అల్లిన అబద్ధం అన్నాను. ఇంత నిజం ఒక్కసారే చెప్పడం నాకు కొత్త.

ఖాసిం తాత గడ్డం నిమిరాడు. "రహీం, అబద్ధాలకోరు మాట తీసుకోవద్దంటివి?"

"అవ్ తాతా."

"వీడు అబద్ధాలకోరని వీడే అంటున్నడు. మరి అబద్ధం చెప్పిన అన్న మాట మాత్రం ఎట్ల తీసుకోవాలె?"

అరుగంతా తలలూపింది. నేను నిజం చెప్పానని ఒక్కరినైనా నమ్మించలేకపోయాను. తలుపు వెనక జమీలా గాజుల చప్పుడు ఆగిపోయింది.

రహీం ముందుకు జరిగాడు. "సరే తాతా. మామ మొదటి మాట తీసేద్దం. రెండో మాట కూడ తీసేద్దం. ఇప్పుడు మన చేతిల ఏమున్నది? ఏం లేదు. అటు చూస్తే, సఫర్ నెలల అపశకునం లేదని ప్రవక్త గారు చెప్పినట్టు గట్టి హదీసు ఉన్నది. దాని గొలుసుల సైదులు మామ లేడు."

ఆ చివరి మాటకు అందరూ ఒప్పుకున్నారు. సఫర్ అయిదున నిఖా అయింది. ఖాజా పడవకు మామిడాకులు కట్టాడు. జమీలా నవ్వుతూ గోదారి దాటింది. తోడుగా పెద్ద ముత్తయిదువ ఉండాలని మా హుసేన్‌బీ వెళ్లింది. తలుపు వెనక ఆమె కూడా అన్నీ వింది గానీ నాతో ఒక్క మాట అనలేదు. అనలేదని నేను సంతోషపడ్డాను కూడా.

అటునుంచి పుట్టింటికి పోయిందని తెలిసింది. తేరాతేజీ దాటాక వస్తుందన్న పాత అలవాటు ప్రకారం సఫర్ పద్నాలుగో రోజున రేవుకు పోయి నిలబడ్డాను. పడవ వచ్చింది. ఖాజా ఒక్కడే దిగాడు.

"వదిన రాలేదన్నా. పద్నాలుగో రోజున రావాలని ఏ హదీసులో ఉన్నదో, ఎవరు చెప్పిండ్రో కనుక్కొని రమ్మన్నది."

కురుస్తున్న ఇల్లు మళ్లీ కప్పించాను, వచ్చేయమను అని చెప్పి పంపాను. మరునాడు ఖాజా నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. నేను చెప్తే చాలదు, ఖాజానే ఎక్కి చూసి రావాలందట హుసేన్‌బీ. ఎక్కాడు. తూర్పు వైపు చూశాడు, పడమర వైపు చూశాడు, దిగి నిచ్చెన తీసుకుని వెళ్లిపోయాడు.

పడమర వైపు ఇంకా కప్పలేదు. ఇది జరిగి ఇరవై రోజులైంది. అన్నం నేనే వండుకుంటున్నాను.