ఉబ్బిండాది

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నంద్యాల, ఆళ్లగడ్డల మధ్య ఊళ్లు చూసే పశువుల డాక్టరు దగ్గర నేను కాంపౌండర్ని. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఆ మహానుభావుడికి పశువు రోగం కంటే ముందు మా మాటలో తప్పే కనబడేది. వెంటనే వేలెత్తి దిద్దేవాడు.

ఒకరోజు శిరివెళ్ల రైతొకడు పరుగెత్తుకొచ్చాడు. "సామీ, ఎద్దు కడుపు ఉబ్బిండాది. బేగా రాండి."

"ఉబ్బిండాది కాదయ్యా, ఉబ్బింది. ఏదీ, అను."

మూడుసార్లు అనిపించాడు. ఆ తర్వాత తీరిగ్గా కాఫీ తాగి బయల్దేరాడు. మేం వెళ్లేసరికి ఎద్దు కాళ్లు చాచేసింది.

రైతు డాక్టరు ముఖంలోకి చూశాడు. "సచ్చిపాయ సామీ. దీన్ని మీ తెలుగులో ఎట్ల చెప్పల్ల?"

డాక్టరు దిద్దిన ప్రతిసారీ పక్కన నిలబడి ఇకిలించిన నేను పుట్టింది ఆళ్లగడ్డలోనే.