సైరన్ మోగితే లేచిన బాపు

రాతలో తప్పులుంటే నవ్వకండి, ఏడో తరగతితోనే చదువు ఆపినదాన్ని. మందమర్రి బొగ్గుగని క్వార్టర్లలో నాతో పెరిగిన మీకే మన గ్రూపులో రాస్తున్నాను.

ఈ పొద్దున గది తలుపు వేసుకుని దండీలు తీస్తుంటే కుక్కర్ కూత వేసింది. పదకొండు దగ్గరే ఆపి పొయ్యి దగ్గరికి ఉరికాను. అప్పుడు మా బాపు గుర్తొచ్చాడు.

గనికి సెలవున్న ఆదివారం బాపు మనందరినీ గ్రౌండుకు తీసుకుపోయేవాడు, గుర్తుందా? అవ్వ కొంగు నడుముకు చుట్టి మనతో పరుగు పందెం పెట్టుకునేది. స్టీలు డబ్బాలో అటుకులు, మోకాళ్లదాకా ఎర్రమట్టి.

ఒకసారి కాలనీలో దండీల పోటీ పెట్టారు. బాపుకు అదే మొదటిది. చివరికి బాపు, ఇంకొకాయన మిగిలారు. అంతలో షిఫ్టు సైరన్ మోగింది. బాపు టక్కున లేచి నిలబడి ఓడిపోయాడు.

"సెలవు పెట్టి వచ్చినవ్ గద, మళ్ల డ్యూటీకి లేసినవేందయ్యా?" అంది అవ్వ మొగుణ్ని చూసి.

"నేను లేవలే. కాళ్లే లేసినయ్."

మనమంతా నవ్వాం. బాపు మాత్రం ఇంటిదాకా అరచేతుల మట్టి దులుపుకోలేదు.

వచ్చే ఆదివారం ఇక్కడ కరీంనగర్‌లో ఆడవాళ్లకు అలాంటి పోటీ ఉంది. పేరు ఇచ్చాను. మా ఆయనకు, అత్తమ్మకు ఇంకా చెప్పలేదు. నాలుగు రోజులుగా కాలు ఒక్కచోట నిలవడం లేదు.

చదివి ఫోన్‌లోంచి తుడిచేయండి, ఎవరికీ పంపకండి. రేపు కుక్కర్ ఎన్ని కూతలు వేసినా పన్నెండోది తీసే లేస్తాను.