అరచేతిలో పడ్డ ముక్క

ఇది నేను కళ్లారా చూసింది. ఈ చేత్తో పట్టుకున్నది. నమ్మకపోతే మీ ఇష్టం... పొద్దస్తమానం చేపల పేగులు తీసేదాన్ని, అసహ్యమంటే ఏంటో నాకా రాత్రి దాకా తెలియదు.

మాది అంతర్వేది దగ్గర. తమ్ముడు శీనుకి ఇరవై నాలుగేళ్లు. పడవ మీద వేటకెళ్తాడు, బీడీ కూడా ముట్టడు. కొన్నాళ్లుగా వాడి ఛాతీలో కుడిపక్క నుంచి సన్నగా ఈల వినిపించేది. ఉబ్బసమని ఇన్‌హేలర్ ఇచ్చారు. తగ్గలేదు.

"ఒక్క పక్కే ఈలేంటే? ముల్లు ఇరుక్కుని ఉంటది. ముద్ద మింగితే దిగిపోద్ది" అంది అమ్మ. ముల్లు గుచ్చుకుంటే మా ఇళ్లలో అన్నం ముద్ద నమలకుండా మింగిస్తాం. వాడిచేత రోజూ మింగించాం.

ఆ రాత్రి కరెంటు పోయింది. వాడు చాప మీద పక్కకి తిరిగి పడుకున్నాడు. నోరు మూసే ఉంది... ఈల మాత్రం వస్తోంది. కీ... కీ... ఉన్నట్టుండి ఆగిపోయింది.

లేచి కూర్చుని కళ్లు తేలేశాడు. వీపు మీద చరిచాను. ఒకటే దగ్గు... నా అరచేతిలో ఏదో పడింది.

ఫోన్ లైటు వేశాను. ఎర్రటి మాంసం ముక్క. రొయ్యంత ఉంది. దాన్నుంచి నెత్తుటి కళ్లె తీగలా సాగి, వాడి పెదవి దాకా...

"చేప ముక్కేలేరా, వచ్చేసింది" అన్నాను. అన్నానే గానీ... నా చేతికి చేపెప్పుడూ చల్లగానే తగులుతుంది. ఇది వెచ్చగా ఉంది. వేళ్లతో నొక్కాను. ముల్లు లేదు. మెత్తగా, జారుతూ... ఛీ! పెరట్లోకి విసిరేశాను. పిల్లి పరుగెత్తుకొచ్చి వాసన చూసింది. ఒళ్లు జలదరించినట్టయి, వెనక్కి వెనక్కి నడిచింది. తెల్లారి చూస్తే అక్కడ ముక్క లేదు. ఏది తిన్నదో...

రాజమండ్రిలో స్కాన్ తీశారు. కుడి ఊపిరితిత్తికి పోయే గాలిగొట్టంలో గడ్డ. ఈ వయసు వాళ్లకి ఎప్పుడో గానీ రాని ఊపిరితిత్తుల క్యాన్సరట.

"ఆ ముక్క ఏదమ్మా?" అన్నారు డాక్టరుగారు.

"పారేశానండి."

"గడ్డ ముక్క ఊడి నోట్లోంచి రావడం చాలా అరుదు. పేరుకున్న నెత్తురేమో. చూడకుండా ఏం చెప్పను?"

నెత్తురో, మాంసమో... నాకూ తెలియదు. ఆపరేషన్ వచ్చే వారం. ఈలోగా మళ్లీ ఏదైనా పడితే క్షణం ఆగకుండా తీసుకురమ్మన్నారు, లేకపోతే ఊపిరాడక పోతాడట.

నిన్న రాత్రి వాడికి దగ్గొచ్చింది. నా ముఖం వంక చూశాడు. రెండు చేతులతో నోరు మూసుకుని... గుటక వేశాడు.

"ఏంట్రా అది?"

"ఏం లేదక్కా. కళ్లె."

నోరు తెరవమన్నాను. తెరవలేదు.