చక్కిలాల డబ్బా

న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ నుంచి హామిల్టన్ వెళ్లే బస్సులో, నేను తెలుగువాడినని తెలియగానే పక్కసీటు పెద్దాయన చక్కిలాల డబ్బా నా ఒళ్లో పెట్టాడు. ముందు సీట్లో చదువుకుంటున్న, ఈ దేశపు మూలవాసులైన మావోరీల అమ్మాయిని గడ్డంతో చూపించాడు.

"యూనివర్సిటీల్లో వీళ్ల స్పెషల్ సీట్లు తీసేస్తూ చట్టం తెస్తారంట బాబూ, మంచిదే. అక్కడ రిజర్వేషన్లతో మనం పడ్డ బాధ చాలదా? ఇంతకీ మీ ఇంటిపేరేంటి?"

చెప్పాను. ఆయన ముఖం మారింది. నాకు ఒళ్లు మండి, నా ఇంజినీరింగ్ సీటు రిజర్వేషన్‌లోనే వచ్చిందని కూడా చెప్పాను.

నా నోట్లో చక్కిలం ఇంకా నలగనేలేదు. ఆయన డబ్బాకి మూతపెట్టి సంచిలో వేసుకున్నాడు. తర్వాత ఒక్క తెలుగు మాట కూడా మాట్లాడలేదు. హామిల్టన్‌లో దిగేటప్పుడు, నా మోకాళ్లు అడ్డొచ్చాయని, "ఎక్స్‌క్యూజ్ మీ" అన్నాడు.